గాలి లేని టైరు

తాడిపత్రి బైపాసులో
నాపరాళ్ల లారీలు మలుపు తిరిగే తావ నా పంక్చరు కొట్టం.
ఇరవై ఆరేండ్లుగా గాలి అమ్ముకుంటాండా.
కంటికి కనపడని సరుకు కదా,
జనం ఎప్పుడూ రెండు రూపాయలు తక్కువే ఇస్తారు.

మొన్న రాత్రి సగం షట్టరు దించినాక
గౌసియా బల్ల మీద నాలుగు చక్రాలు పెట్టింది.
నాలుగూ కలిపి నా దోసిట్లో పడతాయి.
రిమోట్ ర్యాలీ కారంట,
గుత్తిలో ఎవరో విసుగొచ్చి సగం ధరకు అమ్మితే
పాలిటెక్నిక్ స్కాలర్‌షిప్పులోంచి కొనింది.
పాత టైర్లు బోడిగుండ్లు. కొత్తవి గాడుల్లేని ఉత్త రబ్బరు.
"ఆదివారంలోపల కోసీయల్ల నాయనా."

"ఇంత సన్నమా! వెడల్పువి ఎయ్ పాపా,
ఎంత వెడల్పుకు అంత పట్టు."
"పెన్న ఇసకలో అయితే నువ్వు చెప్పిందే నిజం.
మా పందెం పాలిష్ ఫ్యాక్టరీ ఎనక, తెల్లపొడి మీద.
పొడి కింద గట్టి గెరుసు.
సన్నందయితేనే పొడిని చీల్చుకోని నేలను కరుస్తాది."
నవ్వినా.
టైర్ల సంగతి నాకు చెప్తాంది, చూడు.

అయినా చేతులు ఊరుకోవు కదా.
బ్లేడు స్టవ్వు మీద ఎర్రగా కాల్చి
ముందర చక్రాలకు ఈటెమొనలు,
ఎనకవాటికి అడ్డగీతలు, అది గీసిచ్చిన కాగితం ప్రకారమే.
లారీ టైరుకు మోచెయ్యి కదలాల.
దీనికి ఊపిరి బిగబట్టల్ల.
రిములకు తెల్లరంగు, వాళ్లమ్మ బీరువా తలుపుకని దాచింది,
అడక్కుండానే తీసినాము.
లోపలికి ట్యూబు లేదు.
తుక్కుబస్సు సీటులోని స్పాంజి, ఉంగరం మాదిరి కోసి దూర్చింది.
అంచులకు జిగురు: మూడు అది పూసింది, ఒకటి నేను.

ఆరినాక, ఏమనుకున్నానో,
ఒకదాన్ని తీస్కపోయి నీళ్లతొట్టిలో ముంచినా.
ఒక బుడగ.
ఇంకోటి.
చెవి మీది చాక్‌పీసు తీసి అలవాటు కొద్దీ సున్నా చుట్టినా.
గౌసియా పడీపడీ నవ్వింది.
"ఆ బొక్క నేను పెట్టిందే నాయనా, డ్రిల్లుతో.
లోపల గాలి ఇరుక్కుంటే బండి బంతి మాదిరి ఎగురుతాది.
పోనీల్ల దాన్ని."

ఇంత బొక్క కోసమే కదా
ఎండలో, వానలో, డ్రైవర్ల తిట్ల మధ్య
ఉమ్మి రాసి, చెంప ఆనించి, చెవి పెట్టి వెతికింది నేను.
నా కూతురు దాన్ని మిల్లీమీటర్లలో కొల్చి
చక్రానికి రెండు చొప్పున పెట్టింది.
చాక్‌పీసు గీతను బొటనేలితో తుడిచినా.
తడికి అది పోలేదు.

ఆదివారం ఆరు కార్లు.
తెల్లపొడి లేస్తే ఏ కారు ఎవరిదో తెలీదు,
కందిరీగలు రేగినట్టు మోత మాత్రం.
వెడల్పు టైర్ల పిల్లగాడిది మొదటి మలుపులోనే
సబ్బు మీద కాలేసినట్టు పక్కకు జారిపాయ.
మాది కరుచుకోని తిరిగింది.
రెండో చుట్టూ తిరిగింది.
మూడో చుట్టులో ఎనక ఎడమ టైరు ఊడి
రాళ్లకుప్పలోకి దొర్లిపాయ.

నేను అంటించిందే.
ప్యాచీ ఎయ్యాలంటే ఆకురాయి పెట్టి రుద్దనిదే ముట్టను,
ఆ రాత్రి గ్రీసుచేత్తోనే పూసినా.
గౌసియా ఏమీ అనలా.
మూడు టైర్లతోనే చివరిదాకా తోలి నాలుగోది వచ్చింది.
పోయిన టైరు వెతికి, గాజు మాదిరి రెండేళ్లకు తొడుక్కోని
పిల్లగాళ్లతో ఏదో వాదిస్తా నిలబడింది.

నేను గొంతుక్కూచోని పొడిలోని జాడలు చూసినా.
మూడు చాళ్లలో నా బ్లేడు కోతలు అచ్చు గుద్దినట్టు.
వాటి అడుగున పొడి లేదు, ఎర్రగా నేలే.
పాప చెప్పింది నిజమే.
నాలుగో చోట ఉత్త రిము గీసిన గీత,
రోంత వంకరగా,
గీతెంబడి బీరువా తెల్లరంగు.